ధూళి యెవరిది?



కర్మాగారములో యంత్రచక్రమున చిక్కి కార్మికుని వ్రేలు తెగినయెడల న్యాయశాస్త్రమునకు పెద్ద చిక్కు లేదు. తెగిన వ్రేలు కన్నుల యెదుట నున్నది. తెగిన దినము, గడియ, ఆ యంత్రము, దాని యజమాని, సర్వమును తెలిసియే యున్నవి. ఇక మిగిలినది ఆ వ్రేలికి వెల కట్టుట మాత్రమే. పరిహారన్యాయ మంతయు చిరకాలము ఇట్టి గాయములనే దృష్టియందుంచుకొని పెరిగినది. అట్టి న్యాయము నెదుటికి ఒక ముదుసలి వచ్చి, ముప్పది నలువది యేండ్ల క్రిందట ఏదో యొక పనిచోట తాను పీల్చిన కంటికానని ధూళి యిప్పుడు తన రొమ్ములో రాచపుండై మొలిచినదనియు, వైద్యులు తనకు మిగిల్చిన యాయువు ఏడాదియో రెండేండ్లో యనియు, ఆ లోపల తనకును తన భార్యాబిడ్డలకును న్యాయము చేయుమనియు వేడుకొనినప్పుడు, ఆ న్యాయము తొలుత తెల్లబోయి, పిమ్మట తన ప్రాతసూత్రములను తానే సవరించుకొనవలసి వచ్చిన వృత్తాంతమును ఈనాటి ప్రసంగములో మనవి చేయదలచినాను.

ఆ ధూళి రాతినారది. ఆస్బెస్టాసను పేర పిలువబడు ఈ ఖనిజము మనకు పరాయిది గాదు. కడప మండలమున పులివెందుల ప్రాంతపు కొండలలో తెల్ల రాతినార త్రవ్వినారు. దానిని సిమెంటుతో కలిపి రేకులు పోయు కర్మాగారము హైదరాబాదు సనత్‌నగరులో వెలసినది. ఆ రేకుల కప్పుల క్రిందనే మనలో ననేకులు పెరిగి పెద్దవారైనారు. రేకు చెక్కుచెదరక యున్నంతకాలము దానివలన భయము స్వల్పము. దానిని కోయువాడు, చిల్లులు పొడుచువాడు, ప్రాతబడినదానిని పగులగొట్టి దించువాడు, అంతకంటెను ముఖ్యముగా బస్తాలు విప్పి పొడినారను యంత్రములో పోయువాడు, వీరే అపాయమునకు గురియగువారు. రాయియై యుండియు దారము వలె చీలుట, నిప్పునకు కాలకుండుట, ఆమ్లములకు కరగకుండుట అను గుణములచేత ఈ వస్తువును ఓడలలోను, ఆవిరి యంత్రములకును, విద్యుత్కేంద్రముల గొట్టములకును ఒక శతాబ్దము పాటు విచ్చలవిడిగా చుట్టినారు. వస్తువునకు ఏ గుణమువలన వెల వచ్చినదో ఆ గుణమే మానవుని యూపిరితిత్తులలో విషమైనది. కరగని నార అచ్చటను కరగదు. దానివలన ఊపిరితిత్తులు మచ్చగట్టి బిగిసిపోవు ఆస్బెస్టోసిస్ అను వ్యాధి యొకటి, ఊపిరితిత్తుల క్యాన్సరు మరియొకటి, ఊపిరితిత్తులను కప్పియుండు పలుచని పొరకు వచ్చు మెసోథీలియోమా యను క్యాన్సరు వేరొకటి కలుగుచున్నవి. ఈ కడపటిదానికి రాతినార తప్ప వేరు హేతువు దాదాపు లేదనియే చెప్పవచ్చును.

ఈ సంగతి యజమానులకు ఎప్పుడు తెలిసినది? ఇది చరిత్రకారుల కుతూహలము మాత్రమే కాదు. నష్టపరిహారమంతయు ఈ ప్రశ్నమీదనే నిలిచియున్నది, ఏలయన తెలియని యపాయమునుండి కాపాడలేదని యెవరిని దండించుటకు వీలు లేదు. ఇంగ్లాండున రోచ్‌డేల్ పట్టణములో రాతినార వడకు కర్మాగారమున పనిచేసిన నెల్లీ కెర్షా యను స్త్రీ 1924 మార్చి 14వ తేదీన తన ముప్పదిమూడవ యేట మరణించెను. వ్యాధి రాతినారవలననే వచ్చినదని వైద్యుడు వ్రాసియిచ్చినను, అట్టి జబ్బు పరిహారపు పట్టికలో లేదను కారణముచేత ఆమె బ్రదికియున్నప్పుడు గాని, పిమ్మట ఆమె కుటుంబమునకు గాని సంస్థ యేమియు నీయలేదు. ఆమెను బీదల సమాధిలో, గుర్తురాయి యైన లేక పూడ్చిరి. డాక్టరు కుక్ ఆమె యూపిరితిత్తులను పరీక్షించి వైద్యపత్రికలో ప్రకటించెను. ప్రభుత్వము పక్షమున మెర్‌వెదర్, ప్రైస్ అనువారు 363 మంది కార్మికులను పరీక్షింపగా, నాలుగవవంతునకు మించి ఊపిరితిత్తులు చెడియుండుట 1930లో బయటపడినది. మరుసటి సంవత్సరము ధూళి నియమములును, ఆస్బెస్టోసిస్‌కు పరిహారమును వచ్చినవి. క్యాన్సరు సంగతి 1955లో రిచర్డ్ డాల్ లెక్కలవలనను, మెసోథీలియోమా సంగతి 1960లో దక్షిణాఫ్రికాలోని కేప్ గనుల ప్రాంతమునుండి వాగ్నరు మొదలగు వైద్యులు ప్రకటించిన ముప్పదిమూడు ఉదాహరణములవలనను స్థిరపడినవి. వైద్యులు తమ విజ్ఞానమునకై వ్రాసికొనిన ఈ తేదీలు, నలువది యేండ్ల తరువాత న్యాయస్థానములలో వాది చేతి యాయుధములైనవి. ఆ పిమ్మట యజమాని తెలియదని చెప్పి తప్పించుకొనుట దుర్ఘటమైనది.

తెలిసినదని రుజువైనను చాలదు. ఇచ్చటనే అసలు చిక్కు పుట్టినది.

కట్టడపు పనివాడు ఒకే యజమాని యొద్ద జన్మమంతయు గడుపడు. ఒక యేడు ఓడరేవులో గొట్టములకు రాతినార చుట్టును. మరుసటి రెండేండ్లు విద్యుత్కేంద్రములో. తరువాత నెవరో గుత్తదారు క్రింద పురపాలక సంఘపు భవనములలో. నలుగురు యజమానులును నిర్లక్ష్యముగనే యుండిరి; నలుగురి ధూళియు పీల్చినాడు; రోగము వచ్చినది. ఏ ప్రతివాది దోషము లేకున్నచో ఈ కీడు కలుగకయే యుండెడిదో ఆ ప్రతివాదియే బాధ్యుడనునది ఇంగ్లీషు న్యాయపు ప్రాచీన సూత్రము. రుజువు భారమును వాదిదే. ఇక వైద్యశాస్త్రమో, ఈ క్యాన్సరు ఒక నారతో మొదలయ్యెనో, పెక్కు నారలతో మొదలయ్యెనో, అవి యే సంవత్సరము ఏ యజమాని కొట్టమునుండి వచ్చినవో చెప్పజాలదు. కావున మొదటివాడు ‘నాది కాకపోవచ్చును’ అనెను. రెండవవాడును అదియే యనెను. మూడవవాడు, నాలుగవవాడు ఆ మాటయే వల్లించిరి. ఇట్టి కొన్ని వ్యాజ్యములలో ఇంగ్లాండు అప్పీలు న్యాయస్థానము 2001 డిసెంబరులో సూత్రమును తు.చ. తప్పక పాటించి, ఎవరిదో తేలనందున ఎవరును బాధ్యులు కారని తీర్పు చెప్పెను. దాని ఫలితార్థమును కొంచెము యోచింపుడు: ఒక్క యజమాని నేరము చేసినయెడల పరిహారము చెల్లింపవలెను; నలుగురు చేరి చేసినయెడల నలుగురును క్షేమముగా నింటికి పోవచ్చును! తర్కము తన త్రోవను తాను తిన్నగా నడచి యిట్టి యూబిలో దిగబడుట న్యాయశాస్త్రమున అరుదు గాదు గాని, ఇంత నిశ్చింతగా దిగబడుట అరుదు.

ఆ వ్యాజ్యముల గుంపునకు మొదటి వాది పేర ఫెయిర్‌చైల్డ్ వ్యాజ్యమని పేరు. అది ఆనాటి తుది అప్పీలు న్యాయస్థానమైన ప్రభువుల సభకు పోగా, లార్డ్ బింగ్‌హామ్ ప్రధానముగా నున్న అయిదుగురు న్యాయమూర్తులు 2002 మే 16న అప్పీలును అనుమతించి, జూను 20న తమ కారణములను ప్రకటించిరి. ఆ కారణములను చదువుట న్యాయవాది కాని నాబోటివానికిని ఒక కథాశ్రవణము వంటిదే. 1948లో కాలిఫోర్నియా న్యాయస్థానము విచారించిన యొక వేటకాండ్ర కథ అందు వచ్చును: ఇద్దరు వేటకాండ్రు ఒకే పక్షికి గురిపెట్టి ఒకే క్షణమున కాల్చిరి, తోడుగా వచ్చినవాని కంటిలో గుండు దిగినది, ఏ తుపాకిదో యెవ్వరును చెప్పలేరు, అట్లని గ్రుడ్డివాడైనవానిని వట్టిచేతులతో పంపవచ్చునా? ఇద్దరిని బాధ్యులనుగా నిలిపి, తనది కాదని రుజువు చేసికొను భారమును వారి మీదనే యుంచినది ఆ న్యాయస్థానము. అంతటితో ఆగక ఆ యయిదుగురిలో నొకరైన లార్డ్ రాడ్జరు రోమకుల న్యాయగ్రంథములకు పోయి, ఒకని చేత ప్రాణాంతకముగా గాయపడిన దాసుడు వేరొకని దెబ్బకు చచ్చినప్పుడు ఇద్దరును బాధ్యులే యన్న రోమక న్యాయవేత్త జూలియనుని వాదమును వెలికి తీసెను. అంతకంటె దగ్గరి తావునుండి, 1972 నాటి స్కాట్లాండు ఇటుకబట్టీ పనివాని వ్యాజ్యమును ప్రమాణముగా గైకొనిరి. దుమ్ము కడుగుకొనుటకు నీటి వసతి లేక వాడు మేనంతయు ఇటుకదుమ్ముతోనే ఇంటికి పోగా చర్మవ్యాధి వచ్చినది. వసతి యున్నచో రాకపోవునని వైద్యులు చెప్పలేకపోయినను, అపాయమును హెచ్చించినందుకే యజమాని బాధ్యుడని యప్పుడు నిర్ణయించిరి.

ఆ దారినే పోయి, ధూళినుండి కాపాడవలసిన విధిని మీరి రోగపు టపాయమును గణనీయముగా హెచ్చించిన ప్రతి యజమానియు, ఆ ధూళి తనదేనని తేలకున్నను, మెసోథీలియోమాకు బాధ్యుడని ఫెయిర్‌చైల్డ్ తీర్పు స్థాపించినది. ఇందువలన నొకానొక యజమానికి తాను కలిగింపని కీడునకు చెల్లించు నన్యాయము జరుగవచ్చునని న్యాయమూర్తు లెరుగుదురు. ఎరిగియే, దోషము చేసినవాని కట్టి యన్యాయము జరుగుటకంటె, ఏ దోషమును లేని రోగికి ఏమియు దక్కకపోవుట మిక్కిలి పెద్ద యన్యాయమని తూచి చెప్పిరి. శాస్త్రమునకు అందని సందేహపు భారమును ఎవరో యొకరు మోయక తప్పదు. ఆ సందేహమును సృష్టించినవారే మోయుదురు గాక యనుట నాకు అత్యంత ధర్మ్యముగా తోచుచున్నది.

కథ ఇంతటితో ముగిసినదనుకొనుటకు వీలు లేదు, ఏలయన రోగి యొక్క తగవు యజమానితో నున్నట్లు కనబడినను వాస్తవమున బీమా సంస్థతో నున్నది. 2006 మే 3న బార్కర్ వ్యాజ్యములో అదే ప్రభువుల సభ, ప్రతి యజమానియు తాను పెంచిన యపాయపు వంతునకే చెల్లింపవలెనని వాటాలు వేసెను. వినుటకు సమంజసముగనే యున్నది. నలువది యేండ్ల తరువాత నలుగురిలో ముగ్గురు దివాలా తీసియో, సంస్థలు మూసివేసియో, బీమా లేకయో యున్నచో, విధవరాలికి దక్కునది నాలుగవ వాటా మాత్రమేయని లెక్క వేసికొనినప్పుడు గాని దాని సంగతి బోధపడదు. ఓడలు కట్టు పట్టణములలో గగ్గోలు పుట్టినది. మూడు నెలలైన గడువక ముందే, జూలై 25న, పార్లమెంటు పరిహారపు చట్టము చేసి, దాని మూడవ సెక్షనులో మెసోథీలియోమాకు బాధ్యులైన యజమానులలో ఏ యొక్కని నుండియైనను రోగి పూర్తి మొత్తమును రాబట్టుకొనవచ్చుననియు, వాటాల తగవు తరువాత వారిలో వారు తీర్చుకొందురు గాక యనియు శాసించెను. శాసనసభలు కార్మికుని కొరకు ఇంత వేగముగా కదలుట నే నెరిగినంతలో అరుదు.

పిమ్మట బీమా సంస్థలు వేరొక తలుపు వెదకినవి. పాలసీ అమలులో నున్న కాలమున పీల్చిన ధూళియా, అమలు ముగిసిన యనేక సంవత్సరములకు మొలిచిన గడ్డయా, ఏది ‘గాయము’? గడ్డయే యన్నచో ప్రాతపాలసీ లన్నియు చిత్తుకాగితములు. పీల్చిన కాలపు పాలసీయే చెల్లింపవలెనని బ్రిటను సర్వోన్నత న్యాయస్థానము 2012 మార్చిలో తేల్చినది. పాలసీయే దొరకనివారి మాటయో? నలువది యేండ్ల నాటి గుత్తదారుకు ఏ సంస్థలో బీమా యుండెనో చెప్పు కాగితము ఎచ్చట దొరకును? వారికొరకు 2014లో మరియొక చట్టము వచ్చినది. బీమా సంస్థల మీదనే పన్ను వేసి నిధి కూర్చి, యజమానియు బీమాదారుడును కనబడని మెసోథీలియోమా రోగులకు అందుండి చెల్లించు చున్నారు. తొలుత దావాలలో దొరకు సగటు మొత్తములో నూటికి ఎనుబది యిచ్చి, మరుసటి యేడు నూటికి నూరుగా చేసిరి. 2012 జూలై 25కు ముందు రోగము నిర్ణయమైనవారికి మాత్రము ఆ నిధి తలుపులు మూసియే యున్నవి. గీత యెచ్చటనో యొకచోట గీయవలెను గదా యని గీసినవారు చెప్పుదురు. గీతకు ఒకదినము ఆవల పడినవారి యింటిలో ఆ మాట చెప్పుట కష్టము.

లండనులోని న్యాయస్థానమున ఈ రోగుల వ్యాజ్యములకు ప్రత్యేకమైన పట్టిక యొకటి గలదు. రోగి ఎచ్చట పనిచేసెనో, ఎట్టి ధూళి పీల్చెనో తగిన వాఙ్మూలము దాఖలు చేయగనే, మీరేల బాధ్యులు కారో కారణము చూపుడని ప్రతివాదినే యడుగుదురు. చూపలేనిచో తీర్పు వెలువడును, కొంత సొమ్ము వెంటనే చేతికి వచ్చును. అవసరమైన యెడల రోగి మంచము ప్రక్కనే సాక్ష్యము తీసికొందురు. వాది బ్రదికియున్నప్పుడే వ్యాజ్యము ముగియవలెనను దృష్టితో ఏర్పడిన పద్ధతి యిది. ఫెయిర్‌చైల్డ్ సూత్రము కంటె రోగులకు ఇదియే యెక్కువ మేలు చేసినదని నా యభిప్రాయము.

ఊపిరితిత్తుల క్యాన్సరు మాట వేరు. దానికి పొగాకును కారణమే. ధూమపానము చేసిన రాతినార కార్మికునితో, నీ రోగము నీ చుట్టదే పొమ్మని ప్రతివాదులు సులభముగా ననవచ్చును. కాని రెండు విషముల యపాయములును వట్టి కూడికగా గాక, ఒకదానినొకటి హెచ్చవేయును: అమెరికాలో సెలికాఫ్, హామండ్ మొదలగువారు 1979లో ప్రకటించిన లెక్కల ప్రకారము రాతినార వలన మాత్రమే అపాయము అయిదింతలు, పొగవలన మాత్రమే పదకొండింతలు, రెండును కలిసిన చోట ఏబదిమూడింతలు. కావున పొగ త్రాగినవాడని రాతినార యజమాని నిర్దోషి కాజాలడు. పరిహారములో కొంత కోత పడవచ్చును, అంతియే. అమెరికాలో దావాల త్రోవయును వేరే: ధూళి వేసిన యజమానికి బదులు సరుకు చేసి యమ్మిన సంస్థల మీదనే దావాలు నడచినవి. 1973లో బోరెల్ వ్యాజ్యము ఆ దారి తెరచినది. దావాల వెల్లువకు తాళలేక రాతినార సరుకు చేయు జాన్స్-మాన్విల్ సంస్థ సంపన్నముగా నుండగనే 1982లో దివాలా రక్షణ కోరి, తుదకు రోగుల కొరకు నిధి యేర్పరచినది.

ఇక మన దేశము. 1986లో అహమ్మదాబాదునందలి వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రము రాతినార కార్మికుల పక్షమున సుప్రీంకోర్టుకెక్కినది. 1995 జనవరి 27న తీర్పు వచ్చినది. ఆ తీర్పును వ్రాసినవారు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి ఢిల్లీకి పోయిన న్యాయమూర్తి కె. రామస్వామిగారు. కార్మికుని యారోగ్యము, పని చాలించిన పిమ్మటి యారోగ్యముతో సహా, రాజ్యాంగపు 21వ అధికరణమున చెప్పిన జీవితహక్కులో నంతర్భాగమని వా రందు స్థాపించిరి. గుజరాతు కార్మికులను జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేత తిరిగి పరీక్ష చేయించి, వ్యాధి యున్నదని తేలినవారికి తలకొక లక్ష రూపాయలు మూడు నెలలలో కర్మాగారము చెల్లింపవలెనని యాజ్ఞాపించిరి. లక్ష రూపాయల సంగతిని మన పత్రికలు ఎక్కువగా వ్రాసినవి గాని, నా దృష్టిలో ఆ తీర్పునందు వేరొక వాక్యము దానికంటె విలువైనది: ప్రతి కార్మికుని యారోగ్యపత్రమును ఉద్యోగము మొదలైననాటి నుండి కనీసము నలువది యేండ్లో, ఉద్యోగము ముగిసిన పిమ్మట పదునైదేండ్లో, ఏది తరువాత వచ్చునో అంతవరకు భద్రపరుపవలెను. వ్యాధి యొక్క ఆలస్యమును కొలిచి దానికి సరిపోవునట్లు విధించిన యాజ్ఞ యిది. కాగితపు విలువ ఇచ్చట తెలియును: ఇంగ్లాండులో న్యాయమూర్తు లింతగా పెనగులాడిన ప్రశ్న, ధూళి యెవరిదను ప్రశ్న, అక్కడ అడుగుటకైనను వీలైనది, యజమానుల పేర్లైన మిగిలియున్నందువలన. కూలిపట్టీలో పేరు లేక, గుత్తదారు చేతినుండి వారము వారము డబ్బు పుచ్చుకొని పోయిన మనవానికి నలుగురు ప్రతివాదులు కారు, ఒక్కడైన లేడు.

చట్టములో రోగమునకు పేరు లేకపోలేదు. 1923 నాటి కార్మిక పరిహారపు చట్టపు మూడవ షెడ్యూలులో ఆస్బెస్టోసిస్ మాత్రమే కాక, రాతినారవలని ఊపిరితిత్తుల క్యాన్సరును, మెసోథీలియోమాయును స్పష్టముగా చేర్చబడినవి. 2020 నాటి సామాజిక భద్రతా సంహితలోనికి గూడ ఆ పట్టిక వచ్చినది. ఆ ప్రాతచట్టము క్రింద ఆరు నెలలు ఎడతెగక అట్టి పనిచేసినవానికి ఈ క్యాన్సరు వచ్చినచో, అది పనివలన కలిగిన ప్రమాదముగనే భావింపబడుచుండెను. కాదని రుజువు చేయవలసినవాడు యజమాని. పని మానిన పిమ్మట రోగము వచ్చినను, పనివలననే వచ్చినదని రుజువు చేసినచో హక్కు ఉండెను. కాని గడువును గూర్చిన సెక్షను చెప్పినదేమి? పని మానిన రెండేండ్లలోపల లక్షణములు కనబడినచో, కనబడిన దినమునే ప్రమాద దినముగా లెక్కింపవలెనట! ముప్పది యేండ్లు నిద్రించి లేచు రోగమునకు రెండేండ్ల గడువు పెట్టినవారు ఏ రోగమును మనసులో నుంచుకొని పెట్టిరో గాని దీనిని మాత్రము కాదు.

2011లో రాతినారను సంపూర్ణముగా నిషేధింపుమని వచ్చిన వేరొక పిటిషనును సుప్రీంకోర్టు త్రోసిపుచ్చి, 1995 నాటి యాజ్ఞలను పాటింపుడని మరల చెప్పినది. గనుల త్రవ్వకమునకు మన ప్రభుత్వము చాలకాలము క్రిందటనే అనుమతులు నిలిపివేసినను, ఏటేటా లక్షల టన్నుల రాతినార, ముఖ్యముగా రష్యానుండి, ఓడలలో దిగుచునే యున్నది. నేడు దానిని పీల్చుచున్న యిరువదియేండ్ల పడుచువాడు ఈ శతాబ్దపు మధ్యమున వైద్యుని యొద్దకు పోవును.

కనుక ఈ ప్రసంగమును వినువారిలో రేకుల కర్మాగారములో గాని, బాయిలర్ల యొద్ద గాని, ఓడలు విరుచు రేవులలో గాని పనిచేసినవారున్నచో వారికొక విన్నపము. పనిచేసిన చోట్ల పేర్లు, సంవత్సరములు, తోడిపనివారి పేర్లు ఒక కాగితము మీద నిప్పుడే వ్రాసి యుంచుకొనుడు. భవిష్యనిధి చీటీ గాని, ఈ.ఎస్.ఐ. కార్డు గాని, వేతనపు రసీదు గాని యొక్కటి యున్నను పారవేయకుడు. ఊపిరాడకయో, రొమ్ములో నీరు చేరియో ఆసుపత్రికి పోయినప్పుడు, పూర్వము రాతినారలో పనిచేసినట్లు మీరే వైద్యునికి చెప్పుడు, అతడు తనంతట నడుగడు. కండముక్క తీసి పరీక్షించిన నివేదికకు నకలు తప్పక తీసికొనుడు. రెండేండ్ల గడువు దాటినదని గుమాస్తా త్రిప్పి పంపినచో వెనుదిరుగవద్దు. తగిన కారణము చూపినయెడల గడువు మీరిన దరఖాస్తును గూడ స్వీకరించు నధికారమును 1923 నాటి చట్టముననే కమిషనరునకు ఇచ్చిరి. రోగము పేరు మీకు మొట్టమొదట తెలిసిన దినమును చూపు ఆసుపత్రి కాగితమును ఆ దరఖాస్తునకు జతపరుపవలెను.